ముందు బండి ఎర్ర కన్ను

మీట నొక్కితే చాలు, కారు కదలదు. ఎత్తుపల్లాల అండమాన్ రోడ్లపై ఆ సుఖం ముందున్నవారిది. కళ్లు చికిలించుకునే కష్టం వెనకున్నవారిది.

నవంబర్ నెలలో పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం 5 కొట్టకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఊరి పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా మారింది కానీ గడియారం మాత్రం మారలేదు. దేశమంతటికీ ఒకటే టైమ్ కాబట్టి, తూర్పున సముద్రం మధ్యనున్న ఈ దీవులు కూడా హైదరాబాద్ వేళనే పాటించాలి. ఫలితం, ఆఫీసులు వదిలే సమయానికి చిమ్మచీకటి. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోటు కనుక చీకటికి తోడు చాలాసార్లు చినుకులు కూడా. అబర్డీన్ బజార్, గోల్‌ఘర్, డెలానిపూర్, జంగ్లీఘాట్, ఎటు వెళ్లాలన్నా ఎక్కడో ఓ చోట మిట్ట ఎక్కాల్సిందే, పల్లం దిగాల్సిందే. ఊరే కొండల మీద కట్టిన ఊరు.

అలాంటి మిట్ట మీద బండ్ల బారు ఆగిందనుకోండి. పాత కారైతే డ్రైవర్ హ్యాండ్‌బ్రేక్ లివర్ పైకి లాగి, గేరు న్యూట్రల్ చేసి, కాలు తీసేసి కూర్చుంటాడు. కారు వెనకనున్న బ్రేక్ లైట్లు ఆరిపోతాయి. కొత్త కారైతే ఆ శ్రమ లేదు. ఒకసారి బ్రేక్ తొక్కి ఆపితే చాలు, కాలు తీసినా కారు కదలదు. ఆటో హోల్డ్ అనే ఏర్పాటు దాన్ని పట్టుకుని ఉంటుంది. కాలు హాయిగా ఉంటుంది. కానీ చాలా కార్లలో ఆ సేపంతా వెనకాల మూడు ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉంటాయి. హాయిగా కూర్చున్న డ్రైవర్‌కు అవి కనిపించవు. కనిపించేది వెనకున్నవారికే.

ఇదంత పెద్ద సమస్యా అని కార్లలో తిరిగేవారికి అనిపించొచ్చు. స్కూటర్ మీద తిరిగేవారినడగాలి. మన దేశంలో కారు వెనక ఆగేది చాలాసార్లు ఇంకో కారు కాదు, ద్విచక్ర వాహనం. అదీ రెండు మూడడుగుల దూరంలో. ఎస్‌యూవీల వెనక అద్దం పైన ఉండే మూడో బ్రేక్ లైటు ఇంచుమించు స్కూటరిస్టు కళ్ల ఎత్తులోనే ఉంటుంది. అతని ముందు విండ్‌షీల్డూ లేదు, వైపరూ లేదు. హెల్మెట్ అద్దం మీద పడ్డ ప్రతి చినుకూ ఆ ఎరుపును పదింతలు చేసి చూపిస్తుంది. అంతర్జాతీయంగా అనుసరించే ఐక్యరాజ్యసమితి ప్రమాణాల ప్రకారం టెయిల్ లైటు కనీసం 4 కాండెలాల వెలుగివ్వాలి. బ్రేక్ లైటైతే కనీసం 60. అంటే పదిహేను రెట్లు. తేడా అలా ఉండాలనే పెట్టారు. ముందువాడు ఆగుతున్నాడని వెనకవాడికి పట్టపగలు కూడా ఇట్టే తెలియాలి కదా.

చిక్కంతా ఇక్కడే ఉంది. బ్రేక్ లైటు పుట్టింది ‘ఆగుతున్నాను’ అని చెప్పడానికి. ఆటో హోల్డ్ చేతిలో పడ్డాక అది ‘ఆగి ఉన్నాను, ఆగే ఉన్నాను’ అని నిమిషాల తరబడి చెబుతూ ఉంటుంది. మూడో లైటు కథ చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. 1974లో జాన్ వోయెవోద్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త శాన్‌ఫ్రాన్సిస్కోలో కొన్ని టాక్సీలకు వెనక అదనపు బ్రేక్ లైటు పెట్టి చూశాడు. వెనక నుంచి గుద్దుకునే ప్రమాదాలు బాగా తగ్గాయి. ఆ తర్వాత మరిన్ని పరీక్షలు జరిగి, 1986 మోడల్ కార్ల నుంచి అమెరికా దాన్ని తప్పనిసరి చేసింది. ఎల్ఈడీ దీపాలు వచ్చాక మరో మేలు జరిగింది. పాత ఫిలమెంట్ బల్బు కంటే సెకనులో ఐదో వంతు ముందే వెలుగుతాయవి. వేగంగా వచ్చే వెనక బండికి ఆ కాస్త వ్యవధే ప్రాణం నిలపొచ్చు. ప్రాణం కాపాడే ఆ వెలుగే, బండి ఆగిపోయాక ఎదుటివారికి చెప్పేదేమీ లేకుండా మొహాన కొడుతుంది.

ఆటో హోల్డ్, ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కాదు. ఆటో హోల్డ్ అంటే మామూలు కాలి బ్రేకే. మీరు కాలు తీశాక కూడా నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ ఆయిల్ ఒత్తిడి తగ్గకుండా కంప్యూటర్ పట్టి ఉంచుతుంది. కాలి బ్రేకు పని చేస్తోంది కనుక బ్రేక్ లైట్లూ వెలుగుతాయి. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ వేరు. వెనక చక్రాల దగ్గరుండే చిన్న మోటార్లు బ్రేక్ ప్యాడ్లను బిగించి వదిలేస్తాయి. ఒకసారి బిగిశాక కరెంటుతో పని లేదు, ఆయిల్ ఒత్తిడితోనూ పని లేదు. లైట్లు ఆరిపోతాయి. ఇక మూడోది హిల్ హోల్డ్. మిట్ట మీద బ్రేక్ నుంచి యాక్సిలరేటర్ మీదికి కాలు మార్చే రెండు మూడు సెకన్లు మాత్రమే పట్టుకుని వదిలేస్తుంది. దాన్ని నమ్ముకుని తీరిగ్గా ఫోను చూసుకుంటే కారు వెనక్కి జారుతుంది.

ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ 2001లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్ వంటి ఖరీదైన కార్లతో మొదలైంది. మన దగ్గర మధ్యతరగతి ఇళ్ల ముందుకు రావడానికి దాదాపు ఇరవయ్యేళ్లు పట్టింది. 2020 మార్చిలో వచ్చిన రెండో తరం హ్యుందాయ్ క్రెటా పై శ్రేణి మోడళ్లలో ఆటో హోల్డ్‌తో సహా ఇది ఉంది. 2022లో టాటా నెక్సాన్ ఈవీ మ్యాక్స్‌లో వచ్చింది. ఇప్పుడు షోరూంలో అమ్మకాలవాళ్లు ముందుగా చూపించే సౌకర్యాల్లో ఇదొకటి. కాలు నొప్పి ఉండదని చెబుతారు. వెనకవాళ్ల కళ్ల గురించి చెప్పరు. అమ్మేది ముందు సీటు కదా!

పరీక్షలో లేని ప్రశ్న

బ్రిటన్‌లో డ్రైవర్లు చదవాల్సిన హైవే కోడ్‌లో 114వ నిబంధన ఈ విషయాన్ని సూటిగా చెబుతుంది. ఆగి ఉన్న వరుసలో పార్కింగ్ బ్రేక్ వేయాలి. వెనక వచ్చే వాహనం కూడా ఆగాక కాలి బ్రేక్ వదిలి లైట్లు ఆర్పాలి. వెనకవారి కళ్లకు ఇబ్బంది తగ్గించడానికే అని కారణం కూడా అక్కడే ఉంది. మన చట్టాలు హ్యాండ్‌బ్రేక్‌ను పట్టించుకోలేదని కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 15వ నిబంధన డ్రైవింగ్ పరీక్షలో ఏమేం చూడాలో చెబుతుంది. నిటారుగా ఉన్న ఎత్తు మీద బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్‌నో యాక్సిలరేటర్‌నూ కాలి బ్రేక్‌నూ కలిపో సరిగా వాడుతూ, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం అందులో ఒకటి. ఆ పరీక్ష ఎన్ని చోట్ల నిజంగా పెడుతున్నారన్నది వేరే కథ. బ్రేక్ లైట్ల వెలుగు ఊసు మాత్రం ఆ జాబితాలో లేదు.

కొండ దారుల మర్యాద గురించి మన నిబంధనలు చెప్పే ముచ్చటైన మాట ఒకటుంది. రోడ్డు ఇరుకుగా ఉన్నచోట దిగే బండి పక్కకు ఆగి ఎక్కే బండికి దారివ్వాలి. 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనూ ఇది ఉంది, వాటి స్థానంలో వచ్చిన 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉంది. తిరుమలలో ఎక్కే దారి, దిగే దారి వేరు కనుక మనవాళ్లలో చాలామందికి ఈ అవసరం తెలియదు. అండమాన్‌లో, అరకు ఘాట్‌లో తెలుస్తుంది. ఇది ఉత్త పెద్దమనిషి తరహా కాదు. ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ లేపడం కష్టం. క్లచ్ ప్లేటు కాలిన వాసన వచ్చేదాకా హాఫ్ క్లచ్‌లో నిలబెట్టాలి, లేదా హ్యాండ్‌బ్రేక్ మీద పట్టు ఉండాలి. బరువెక్కించిన లారీ అయితే క్లీనర్ రాయి పట్టుకుని దిగి వెనక చక్రం కింద పెట్టాలి. అవతలివారి కష్టం తెలిసినవారు రాసిన నిబంధన అది.

ఆటో హోల్డ్ ఉన్న కారుకు ఈ కష్టం లేదు. ఎంత ఎత్తు మీదైనా ఆగుతుంది, వేలెడు కూడా జారకుండా కదులుతుంది. మంచిదే. పోర్ట్ బ్లెయిర్ మిట్టల మీద కొత్తగా నేర్చుకుంటున్నవారికి ఇది వరమే. తన ముందున్న కారు జారి మీదికొస్తుందేమో అన్న స్కూటరిస్టు భయాన్నీ తీరుస్తుంది. ఆ మేరకు ఆటో హోల్డ్ కూడా మర్యాదే. కాకపోతే ఆ కారు నడిపేవారికి ఎదురుగా ఎక్కుతున్న ఇసుక లారీ అవస్థ ఏమిటో ఇక తెలిసే అవకాశం లేదు. తమకు ఆగడం సులువైపోయాక ఇతరులకూ సులువే అనుకుంటారు. నన్నడిగితే లైట్ల కంటే ఇదే పెద్ద నష్టం.

లైట్ల విషయంలోనూ ఒక మినహాయింపు చెప్పుకోవాలి. వరుసలో చివరి బండి మీదైతే, అదీ వంపు తిరిగాక తడి రోడ్డు మీద ఆగి ఉంటే, బ్రేక్ లైట్లు ఆర్పకండి. వెనక నుంచి వచ్చేవారికి మీరు ఆగి ఉన్నారని తెలియాలి. ఒక బండి వచ్చి మీ వెనక పూర్తిగా ఆగాకే ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ మీట. బ్రిటిష్ నిబంధనలోని షరతు కూడా అదే. అంటే అద్దంలో చూడాలి. ఆటో హోల్డ్ మాన్పించే అలవాటు సరిగ్గా అదే.

ఆగకపోవడమే మర్యాద

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు 300 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఇప్పుడిది 4వ నంబరు జాతీయ రహదారి. దీవుల్లో రైలు లేదు కనుక బస్సులు, కూరగాయల వ్యాన్లు, టూరిస్టు టాక్సీలు అన్నీ దీని మీదే. ఈ టాక్సీల్లో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3.8 లక్షలు. అందులో 13 శాతం మంది మాతృభాష తెలుగు. అంటే 50 వేల పైచిలుకు. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరలివచ్చిన కుటుంబాలు వీరిలో ఎక్కువ.

ఈ రోడ్డు మీద ఊరు దాటాక జిర్కాటాంగ్ దగ్గర గేటు ఉంటుంది. అక్కడి నుంచి సుమారు 50 కిలోమీటర్లు జరావాల అడవి. ఒంటరిగా వెళ్లనివ్వరు. నిర్ణీత వేళల్లో పోలీసు రక్షణతో కాన్వాయ్ బయలుదేరుతుంది. మొదటి కాన్వాయ్ అందుకోవడానికి తెల్లవారకముందే బండ్లు వచ్చి బారు తీరతాయి. పర్మిట్ పనులు అయ్యేదాకా టీ కొట్ల దగ్గర కాలక్షేపం. బారు ఒక్కో బండి పొడవున ముందుకు జరుగుతుంటుంది. ఇంజన్ ఆపి దిగినవారితో ఇబ్బంది లేదు. ఏసీ కోసం ఇంజన్ ఆపకుండా, ఆటో హోల్డ్ వదలకుండా కూర్చున్న ఒక్క కారు చాలు, వెనకున్న టాక్సీలోని నిద్రమొహాలన్నీ ఎర్రబడ్డానికి.

గేటు దాటాక లెక్క తారుమారవుతుంది. గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు, ముందు బండిని దాటకూడదు, ఫొటోలు తీయకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు, ఆపకూడదు. ఇక్కడ బ్రేక్ వేయడమే అమర్యాద. 2011 జనగణనలో జరావాల సంఖ్య 380. బయటివారితో శతాబ్దానికి పైగా శత్రుత్వమే తప్ప మాట లేని ఈ ప్రజలు 1997 చివర్లో బాణాలు లేకుండా బయటికి రావడం మొదలుపెట్టారు. వాళ్ల అడవిని చీల్చుకుంటూ వేసిన రోడ్డు అప్పటికే ఉంది. దాని మీద వచ్చే బండ్లకు వాళ్లో వింత అయిపోయారు. ఈ భాగాన్ని మూసేయాలని 2002 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మూతపడలేదు. 2012 జనవరిలో ఒక బ్రిటిష్ పత్రిక జరావా స్త్రీల చేత టూరిస్టుల కోసం నాట్యం చేయిస్తున్న వీడియో బయటపెట్టడంతో దేశమంతా గగ్గోలు పుట్టింది. 2013 జనవరిలో సుప్రీంకోర్టు టూరిస్టులను నిలిపేసి, మార్చిలో ఆ ఆంక్ష తొలగించింది. బండ్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఆదిమ తెగల రక్షణకు 1956లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. 2012లో దానికి పదును పెట్టారు. అయినా కాన్వాయ్‌లో ప్రతి కాలు మీదా కాపలా పెట్టడం ఏ చట్టానికీ సాధ్యం కాదు. రోడ్డు పక్కన ఒక మనిషి కనిపించగానే ముందు బండి డ్రైవర్ ఊరికే చూడ్డానికి కాస్త బ్రేక్ నొక్కుతాడు. వెనకాయన తప్పనిసరై నొక్కుతాడు. దాటడానికి వీల్లేని వరుస కనుక ఆ ఎరుపు ఒక బండి నుంచి ఇంకో బండికి పాకుతూ చివరిదాకా పోతుంది. అడవంచున నిలబడ్డ మనిషి ముందు బండ్ల బారంతా నెమ్మదించి, అద్దాలకు మొహాలు అంటుకుంటాయి. ఎవరూ ఆపలేదు, ఎవరూ నిబంధన మీరలేదు. టూరిస్టు కార్లో కూర్చున్నవారు డ్రైవర్‌ను కొంచెం స్లో చెయ్యమని అడగకపోవడం కంటే ఇక్కడ వేరే మర్యాద లేదు.

పంటు మీద

అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్. అవతలి ఒడ్డు బారాటాంగ్. వంతెన లేదు. గోదావరి జిల్లాలవాళ్లు పంటు అనే రకపు ఫెర్రీ మీద బస్సులు, కార్లు ఎక్కించి దాటిస్తారు. (బారాటాంగ్ దాటాక హంఫ్రీ జలసంధి మీద మాత్రం ఇప్పుడు వంతెన ఉంది.) ఈ దారి మొత్తంలో హ్యాండ్‌బ్రేక్ విలువ నూటికి నూరుపాళ్లు తెలిసేది ఇక్కడే. వాలుగా దిగే జెట్టీ, దాని చివర ఉప్పునీళ్లు. ఫెర్రీ మీద బంపర్‌కు బంపర్ ఆనేంత దగ్గరగా బండ్లు. బండ్ల మధ్య సందుల్లో మనుషులు. ఒక్క కారు ఒక్క అడుగు జారినా నలిగేది ఆ సందులో నిలబడ్డవాళ్లే.

డ్రైవర్ సీటులో మనిషి లేకుండా బండి వదలాలంటే ఇంజన్ ఆపి బ్రేక్ వేసి, అది తనంతట తాను కదలకుండా చూడాలని 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ చెబుతుంది. ఆటో హోల్డ్ ఈ పనికి రాదు. చాలా కార్లలో సీటు బెల్టు తీసినా, తలుపు తెరిచినా అది ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్‌కు మారిపోయే ఏర్పాటు ఉంది. అయినా ఫెర్రీ మీద దాన్ని నమ్ముకోవడం కంటే మీట నొక్కి డాష్‌బోర్డు మీద ఎర్ర గుర్తు చూసుకోవడం మేలు. పాత లివర్‌తో ఒక సౌకర్యం ఉండేది. కరకరమంటూ లాగిన చప్పుడు పక్కన నిలబడ్డ ఫెర్రీ సిబ్బందికి కూడా వినబడేది, పైకి లేచిన లివర్ అద్దంలోంచి కనిపించేది. ఇప్పుడు బ్రేక్ పడిందో లేదో తెలిసేది డ్రైవర్‌కొక్కడికే.

లివర్ పోవడంతో పోయింది ఇంకొకటుంది. నడుస్తున్న బండిలో డ్రైవర్‌కు హఠాత్తుగా ఏమన్నా అయితే పక్క సీటువారు లివర్ లాగేవారు. ఎలక్ట్రానిక్ మీటతో కూడా ఆ పని జరుగుతుంది. చాలా కార్లలో మీటను పట్టి ఉంచితే కారు అదుపు తప్పకుండా ఆగుతుంది. కానీ ఆ మీట ఎక్కడుందో, దాన్ని లాగాలో నొక్కాలో ఇంట్లో ఎంతమందికి తెలుసు? లివర్‌ను ఎవరూ నేర్పక్కర్లేదు. మీటను నేర్పాలి.

ఉప్పుగాలి దీవుల్లో దీని నిర్వహణా తేలిక కాదు. కారును వారాల తరబడి హ్యాండ్‌బ్రేక్ మీద వదిలి మెయిన్‌ల్యాండ్ వెళ్తే తేమకు ప్యాడ్లు డిస్కుకు అతుక్కుపోతాయి. ఆ మాట పాత కార్లకూ వర్తిస్తుంది. పాత కారుకైతే లివర్ దించి, గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి పోవచ్చు. కొత్త కారు చాలా మోడళ్లలో ఇంజన్ ఆపగానే తనే బ్రేక్ బిగించుకుంటుంది. వద్దనాలంటే మాన్యువల్ చదివి ఉండాలి. బ్యాటరీ చచ్చిపోతే బ్రేక్ విడవదు, కారును నెట్టడానికి కూడా వీలుండదు. వెనక ప్యాడ్లు మార్చాలన్నా చాలా మోడళ్లలో ముందు మోటార్లను వెనక్కి తిప్పించాలి, దానికి స్కానర్ కావాలి. రోడ్డు పక్క మెకానిక్ స్పానర్‌తో అయ్యే పని కాదు. స్టాకులో లేని పార్టు చెన్నై నుంచో, విశాఖ నుంచో, కోల్‌కతా నుంచో వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావాలి. చిన్న పళ్లచక్రం కూడా ఎంత పని చేస్తుందో 2017లో టెస్లా చూసింది. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్‌లో పళ్లచక్రం విరిగి బ్రేక్ విడవకుండా పోవచ్చని ప్రపంచవ్యాప్తంగా 53 వేల దాకా కార్లను వెనక్కి పిలిచింది.

పోర్ట్ బ్లెయిర్ మిట్టల మీద ఆగే కారుకు ఇవేవీ అడ్డం కాదు. వెనక బండి ఆగిందని అద్దంలో చూసుకున్నాక మీట ఒక్కసారి కదిపితే లైట్లు ఆరతాయి. మళ్లీ కదిలేటప్పుడు దాన్ని విడిపించే పని కూడా లేదు. ఆటోమేటిక్ కారులో గేరు డ్రైవ్‌లో ఉండి, సీటు బెల్టు పెట్టుకుని ఉంటే, యాక్సిలరేటర్ మీద కాలు మోపగానే బ్రేక్ తనే విడుస్తుంది.